పీజీ ఫీజులు, ఉపకార వేతనాలు, విద్యారుణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఎం.ఏ., ఎం.కాం., ఎమ్మెస్సీ, ఎంబీఏ, ఎంసీఏ, ఎంటెక్ వంటి పీజీ కోర్సుల్లో చేరబోయే విద్యార్థుల కోసం, వారి చదువు ఖర్చును మోసే కుటుంబాల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు సిద్ధం చేశాం. సాయం ఎంత వస్తుందన్నది ఎంత ముఖ్యమో, అది ఎప్పుడు వస్తుంది, ఎవరి ఖాతాలోకి వస్తుంది, వచ్చేలోపు ఫీజు ఎవరు కట్టాలి అన్నవి అంతకంటే ముఖ్యం. ఈ మూడింటికీ సమాధానం వెబ్ ఆప్షన్లు పెట్టకముందే తెలిసి ఉండాలి. సీటు వచ్చి, గడువు రెండు రోజుల్లో ముగుస్తుండగా తెలిస్తే పెద్దగా ఉపయోగం ఉండదు.

అలాట్‌మెంట్ ఆర్డర్‌లో కనిపించే ఫీజే మొత్తం ఫీజా?

కాదు. అలాట్‌మెంట్ ఆర్డర్‌లో సాధారణంగా ట్యూషన్ ఫీజు మాత్రమే ఉంటుంది. ప్రత్యేక ఫీజు, పరీక్ష ఫీజు, గ్రంథాలయ డిపాజిట్, కాషన్ డిపాజిట్ వంటివన్నీ కళాశాలకు వెళ్లాక బయటపడతాయి. విశ్వవిద్యాలయ హాస్టల్లో ఉండదలచుకుంటే మెస్ డిపాజిట్ ముందుగా కట్టాలి. డివైడింగ్ పద్ధతి నడిచే హాస్టళ్లలో నెల ఖర్చును తిన్నవారందరికీ పంచుతారు కనుక మెస్ బిల్లు ప్రతి నెలా ఒకేలా ఉండదు.

ఒకే విశ్వవిద్యాలయంలో ఒకే కోర్సుకు రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు అని రెండు రకాలు ఉండవచ్చు. రెండింటికీ తరగతి గది ఒకటే, పట్టా ఒకటే, ఫీజు మాత్రం చాలా తేడా. ఆప్షన్ల జాబితాలో ఈ రెండూ వేర్వేరు కోడ్‌లతో పక్కపక్కనే ఉంటాయి కనుక కోర్సు పేరు ఒక్కటే చూసి ఆప్షన్ పెట్టకూడదు.

ప్రైవేటు కళాశాలల్లో ఎంబీఏ, ఎంసీఏ, ఎంటెక్ వంటి వృత్తివిద్యా కోర్సుల ఫీజును కళాశాల తనకు తోచినట్లు నిర్ణయించుకోలేదు. తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ చేసే సిఫారసులను బట్టి ప్రభుత్వాలు కళాశాలల వారీగా ఫీజును ప్రకటిస్తాయి. మూడేళ్లకోసారి ఫీజులను సవరించడం రివాజు. ఆ ఉత్తర్వులో మీ కళాశాల పేరు ఎదుట ఉన్న అంకెను చూసుకుని, దానికి మించి అడిగిన ప్రతి రూపాయికీ రసీదు కోరండి. రసీదు ఇవ్వడానికి ఇష్టపడని వసూలు సాధారణంగా అనుమతి లేని వసూలే అయి ఉంటుంది.

తెలంగాణలో పీజీ విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

అర్హత ఉంటే వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో విస్తృతంగా మొదలైన ఈ పథకం తెలంగాణలో ఈపాస్ అనే ప్రభుత్వ ఉపకార వేతనాల పోర్టల్ ద్వారా నడుస్తోంది. కుటుంబ వార్షికాదాయం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 2 లక్షల రూపాయలు మించకూడదు. బీసీ, ఈబీసీ, మైనారిటీ విద్యార్థులకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు పరిమితి. హాజరు 75 శాతం ఉండాలి.

ఆదాయ పరిమితి చాలామందికి తెలిసిన విషయమే. అయితే దరఖాస్తులు దెబ్బతినేది ఎక్కువగా సీటు రకం దగ్గర. కన్వీనర్ కోటాలో కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్లలో (కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీట్లకు నేరుగా జరిగే ప్రవేశాల్లో), దూరవిద్యలో చేరినవారికి రాదు. చివరి విడతలో మంచి సీటు రాలేదని స్పాట్‌లో చేరే విద్యార్థులు, ఆ ఒక్క నిర్ణయంతో రెండేళ్ల ఫీజునూ సొంతంగా భరించవలసి వస్తుంది. స్పాట్‌లో చేరితే రీయింబర్స్‌మెంట్ ఉండదన్న సంగతి నోటిఫికేషన్‌లో ఒక వాక్యంగా ఉంటుంది. దానిని వెతికి చదవండి.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు నిర్ణయించిన ఫీజు పూర్తిగా మంజూరు కావచ్చు గాని, బీసీ, ఈబీసీ విద్యార్థులకు కొన్ని కోర్సుల్లో గరిష్ఠ పరిమితి ఉంటుంది. కళాశాల ఫీజుకు, ఆ పరిమితికి మధ్య ఉన్న తేడాను విద్యార్థే కట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు కళాశాలలో పీజీ చేరితే?

ఈ ప్రశ్నకు జవాబు 2020 డిసెంబరులో మారిపోయింది. ఆ నెలలో వెలువడిన జీవో 77, 2020–21 నుంచి ప్రైవేటు కళాశాలల్లో పీజీ చేరినవారిని ఫీజు రీయింబర్స్‌మెంట్ పరిధి నుంచి తప్పించి, దానిని విశ్వవిద్యాలయ, ప్రభుత్వ కళాశాలల పీజీ విద్యార్థులకు పరిమితం చేసింది. విద్యార్థి సంఘాలు అప్పటి నుంచి ఈ జీవోను రద్దు చేయాలని కోరుతూనే ఉన్నాయి, ఎన్నికల వేళ నాయకుల హామీలూ వచ్చాయి. మీరు మాత్రం హామీని ఉత్తర్వుగా లెక్కవేసుకోవద్దు. చేరే విద్యా సంవత్సరానికి అమలులో ఉన్న ఉత్తర్వు ప్రతిని కళాశాలనో, జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయాన్నో అడిగి చూసిన తరువాతే ప్రైవేటు కళాశాలకు ఆప్షన్ పెట్టండి. మా అభిప్రాయంలో, ఆర్థికంగా ఇబ్బంది ఉన్న విద్యార్థి ఇంటికి దగ్గరగా ఉందని ప్రైవేటు కళాశాలను ఎంచుకోవడం కంటే, కాస్త దూరమైనా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సీటు తీసుకోవడమే మేలు. ట్యూషన్ ఫీజు, హాస్టల్, గ్రంథాలయం మూడూ అక్కడే కలిసొస్తాయి.

అర్హత విషయానికొస్తే, 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కుటుంబ ఆదాయ పరిమితిని 2.5 లక్షలుగా పెట్టాయి. మాగాణి 10 ఎకరాలలోపు, మెట్ట అయితే 25 ఎకరాలలోపు ఉండాలని, ఆదాయపు పన్ను కట్టేవారు, ప్రభుత్వ ఉద్యోగి, సొంత కారు ఉన్న కుటుంబం అర్హం కాదని చెప్పాయి. పారిశుద్ధ్య కార్మికులకు ఉద్యోగం విషయంలో, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉన్నవారికి వాహనం విషయంలో మినహాయింపు ఉంది. బ్యాంకు రుణంతో ట్యాక్సీ కొన్న ఇంట్లో విద్యార్థి పేరు అనర్హుల జాబితాలో కనిపిస్తే, వాహన రిజిస్ట్రేషన్ పత్రంతో గ్రామ, వార్డు సచివాలయంలో అభ్యంతరం నమోదు చేయించండి.

ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుందా?

రాదు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ సీటులో రిజర్వేషన్ కోసం, దానికి ఆదాయ పరిమితి 8 లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో ఈబీసీ అర్హతకు పరిమితి దానిలో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. ఒకదానికి అర్హులైనంత మాత్రాన మరొకదానికి అర్హులు కారు. కనుక ఈడబ్ల్యూఎస్ కోటాలో సీటు పొందినవారు కూడా విడిగా ఆదాయ ధ్రువపత్రం తీసుకుని దరఖాస్తు చేయాలి.

ఇలాంటి పొరపాటే బీసీ విద్యార్థులకూ ఎదురవుతుంది. రాష్ట్ర కుల ధ్రువపత్రం రాష్ట్ర పథకాలకు చాలు. కేంద్ర పథకాలకు మాత్రం కేంద్ర నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ అడుగుతారు. మీసేవలో రెండూ వేర్వేరు దరఖాస్తులు. రెండూ ముందే తీసి పెట్టుకోవడం మంచిది.

ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ అంటే ఏమిటి? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?

ఆర్‌టీఎఫ్ అంటే కళాశాలకు చెందే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే విద్యార్థి నిర్వహణ ఖర్చుకు ఇచ్చే ఉపకార వేతనం. తెలంగాణలో మొదటిది కళాశాల ఖాతాకు, రెండోది విద్యార్థి ఖాతాకు వెళుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతి ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. కొంతకాలం తల్లి ఖాతాలోకి, తరువాత తల్లి, విద్యార్థి ఉమ్మడి ఖాతాలోకి జమ చేశారు. 2024–25 నుంచి నేరుగా కళాశాలలకు చెల్లించాలని నిర్ణయించారు. పాత పద్ధతిలో ఖాతాలో పడిన మొత్తాన్ని కళాశాలకు కట్టకుండా మిగిలిపోయినవారు, పట్టా తీసుకునే రోజున ఆ బకాయిని ఎదుర్కొంటున్నారు.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగకుండా కళాశాల ముందే ఫీజు కట్టమంటోంది. ఏం చేయాలి?

రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువ మందిని బాధించే ప్రశ్న ఇదే. మంజూరు కావడం వేరు, డబ్బు విడుదల కావడం వేరు. తెలంగాణలో అయితే ఈపాస్‌లో దరఖాస్తు నమోదవుతుంది, ఆధార్ వేలిముద్రల ధ్రువీకరణ జరుగుతుంది, కళాశాల ప్రిన్సిపాల్ దానిని పైకి పంపుతారు, జిల్లా సంక్షేమ అధికారి మంజూరు చేస్తారు, బిల్లు ట్రెజరీకి వెళ్లి టోకెన్ పడుతుంది. అక్కడి నుంచి నిధులు ఎప్పుడు కదులుతాయో ఎవరూ చెప్పరు. టోకెన్ పడిన బిల్లులు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఆగిన సందర్భాలున్నాయి. 2025లో తెలంగాణలో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు బకాయిల కోసం కళాశాలలు మూసివేసేదాకా వెళ్లాయి.

యాజమాన్యాల ఇబ్బంది నిజమే అయినా, ఆ భారాన్ని విద్యార్థి మీదికి నెట్టడం న్యాయం కాదు. అయినా నెడుతున్నారు కనుక జాగ్రత్త మీరే పడాలి. డబ్బు కట్టక తప్పని పరిస్థితి వస్తే, కట్టిన మొత్తానికి తేదీ, సంతకం, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. "ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ జమ అయిన వెంటనే ఈ మొత్తం విద్యార్థికి తిరిగి చెల్లించబడును" అని దాని మీదే రాయించండి. రెండేళ్ల తరువాత అకౌంట్స్ విభాగంలో మనిషి మారినప్పుడు మీ మాటకు ఆధారంగా నిలిచేది ఆ ఒక్క వాక్యమే. కళాశాల పూర్తిగా నిరాకరిస్తే, వాయిదాల్లో చెల్లించడానికి అనుమతి కోరుతూ ప్రిన్సిపాల్‌కు రాతపూర్వక దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి.

స్టేటస్‌లో డబ్బు జమ అయినట్లు ఉంది, నా ఖాతాలో మాత్రం లేదు. ఎక్కడికి వెళ్లింది?

చాలా సందర్భాల్లో అది మీరు మరచిపోయిన పాత ఖాతాలోనే ఉంటుంది. ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో డబ్బు మీరు దరఖాస్తులో రాసిన ఖాతా సంఖ్యకు కాక, జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పీసీఐ) మ్యాపింగ్‌లో మీ ఆధార్‌కు జోడించి ఉన్న బ్యాంకుకు వెళుతుంది. చివరిసారి ఏ బ్యాంకులో ఆధార్ సీడింగ్ (ఖాతాను ఆధార్‌కు జోడించడం) చేయించారో అదే లెక్క. కేవైసీ కోసం ఆధార్ నకలు ఇచ్చినంత మాత్రాన సీడింగ్ జరిగినట్లు కాదు. ఇంటర్‌లో ఉన్నప్పుడు తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాకు సీడింగ్ ఉండిపోయి, ఇప్పుడు వాడుతున్న ఖాతాకు లేకపోతే, ఉపకార వేతనం ఆ పాత ఖాతాలోకే వెళుతుంది. ఆ ఖాతా లావాదేవీలు లేక నిలిచిపోయి ఉంటే డబ్బు వెనక్కి పోతుంది. దరఖాస్తుకు ముందు ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసుకోవడానికి పట్టే సమయం ఐదు నిమిషాలు.

ఒక పీజీ పూర్తయింది. రెండో పీజీకి సాయం వస్తుందా?

పోస్ట్ మెట్రిక్ నిబంధనల ప్రకారం ఒక స్థాయి చదువు పూర్తిచేసి, మళ్లీ అదే స్థాయిలో వేరే కోర్సు చేసేవారికి రాదు. ఎం.ఏ. చేసి ఎంబీఏలో చేరినవారు రుణం మీదనో, విశ్వవిద్యాలయం సొంతంగా ఇచ్చే సాయం మీదనో ఆధారపడాలి.

గేట్ స్కోరుతో ఎంటెక్ చేరితే స్టైపెండ్ ఎంత?

ఏఐసీటీఈ అనుమతి ఉన్న సంస్థల్లో, చెల్లుబాటులో ఉన్న గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరిన పూర్తికాల విద్యార్థికి నెలకు 12,400 రూపాయల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు వస్తుంది. చేరే నాటికే స్కోరు చెల్లుబాటులో ఉండాలి, చేరిన తరువాత గేట్ రాసి అర్హత తెచ్చుకుంటే కుదరదు. ఈ స్టైపెండ్ తీసుకుంటూ మరో ఉద్యోగం చేయకూడదు, మరో ఉపకార వేతనమూ తీసుకోకూడదు.

దీనిలో మొదటి అడుగు వేయవలసింది విద్యార్థి కాదు, కళాశాల. ఏఐసీటీఈ పోర్టల్‌లో మీ పేరిట యూనిక్ ఐడీ కళాశాలే తయారుచేయాలి, తరువాత ప్రతి నెలా హాజరును అదే ధ్రువీకరించాలి. గేట్ విద్యార్థులు ఒకరిద్దరే ఉన్న కళాశాలల్లో ఈ పని తెలిసినవారు ఉండరు, గడువు దాటిపోతుంది. చేరేముందే సీనియర్లను కలిసి, అక్కడ స్టైపెండ్ నిజంగా అందుతోందా అని అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా అర్హులైతే, తెలంగాణ నిబంధనలు స్టైపెండ్ మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటాయని గుర్తుంచుకోండి.

ఎం.ఏ., ఎమ్మెస్సీ వంటి కోర్సులకు కేంద్రం నుంచి ఏమైనా ఉందా?

యూజీసీ 2023–24లో ప్రారంభించిన పీజీ జాతీయ ఉపకార వేతనం ఉంది. ఏటా 10,000 మందికి, నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదికి 10 నెలలు ఇస్తారు. ఎంపిక డిగ్రీ మార్కుల ఆధారంగా జరుగుతుంది, 30 శాతం మహిళలకు కేటాయించారు, వయసు 30 ఏళ్లు మించకూడదు. మొదటి సంవత్సరంలోనే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసి దరఖాస్తు పెట్టాలి. ఏడాదికి 1.5 లక్షలంటే విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చదివే విద్యార్థికి ఫీజు, హాస్టల్ పోగా ఇంకా మిగులుతుంది. అంతటి పథకం గురించి మన జిల్లాల డిగ్రీ కళాశాలల నోటీసు బోర్డుల మీద కనిపించేది తక్కువ.

ఐఐఎం, ఐఐటీ వంటి సంస్థల్లో సీటు వచ్చిన ఎస్సీ విద్యార్థికి?

ఎస్సీ విద్యార్థుల టాప్ క్లాస్ పథకం కింద, గుర్తించిన సంస్థల్లో చేరినవారికి ట్యూషన్ ఫీజు పూర్తిగా వస్తుంది. ప్రైవేటు సంస్థల్లో ఏడాదికి 2 లక్షల పరిమితి ఉంది. నిర్వహణ, పుస్తకాలు, కంప్యూటరు కోసం మొదటి సంవత్సరం 86,000, తరువాత ఏడాదికి 41,000 రూపాయలు అందుతాయి. కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు కనుక, రాష్ట్ర రీయింబర్స్‌మెంట్‌కు అర్హత లేని ఉద్యోగుల పిల్లలు కూడా దీనికి అర్హులు కావచ్చు. ఒక్కో సంస్థకు సీట్ల సంఖ్య నిర్ణయించి ఉంటుంది.

పూచీకత్తు లేకుండా విద్యారుణం ఇస్తారా?

4 లక్షల రూపాయల వరకు బ్యాంకు తాకట్టు అడగకూడదు, ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. 7.5 లక్షల వరకు రుణ హామీ నిధి ఉంది. ఆపైన మాత్రం ఆస్తి పత్రాలు అడుగుతారు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, జాతీయ ర్యాంకుల ఆధారంగా ఎంపికచేసిన (మొదట 860) ఉన్నత విద్యాసంస్థల్లో మెరిట్ మీద సీటు పొందినవారికి తాకట్టు, హామీదారు రెండూ లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షలలోపు ఉంటే, 10 లక్షల వరకు రుణం మీద చదువుకునే కాలానికి, మారటోరియం కాలానికి (చదువు ముగిశాక వాయిదాలు మొదలయ్యేలోపు ఇచ్చే విరామానికి) వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. ఈ రాయితీ ఏటా లక్ష మందికే. ఆదాయం 4.5 లక్షలలోపు ఉండి వృత్తి, సాంకేతిక కోర్సు చేసేవారికి ఆ కాలపు వడ్డీ పూర్తిగా మాఫీ చేసే పాత పథకం కూడా కొనసాగుతోంది.

బ్రాంచిలో "మీ ఏరియా మా పరిధిలోకి రాదు" అనో, "ముందు డిపాజిట్ వేయండి" అనో తిప్పి పంపితే నోటిమాటతో వెనుదిరగవద్దు. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా పెట్టండి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా కోరండి. ఆ కాగితం ఉంటేనే జోనల్ కార్యాలయానికో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కో ఫిర్యాదు చేయగలుగుతారు.

చదువుతున్నప్పుడు వడ్డీ కట్టనక్కర లేదంటున్నారు. నిజమేనా?

కట్టనక్కర లేదు, కాని వడ్డీ ఆగదు. రెండేళ్ల ఎంబీఏకు ఏటా 3 లక్షల చొప్పున 6 లక్షలు తీసుకున్నారనుకోండి, వడ్డీ 10 శాతం. కోర్సు రెండేళ్లు, ఆపై ఒక సంవత్సరం మారటోరియం. మొదటి 3 లక్షల మీద మూడేళ్లకు 90,000, రెండో 3 లక్షల మీద రెండేళ్లకు 60,000, సాధారణ వడ్డీగా చూసినా 1.5 లక్షలు అసలుకు చేరి, మీ అప్పు 7.5 లక్షలవుతుంది. దానిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 9,900 కట్టాలి. అదే మొదటి సంవత్సరం నెలకు 2,500, తరువాత 5,000 చొప్పున వడ్డీ కడుతూ వస్తే అసలు 6 లక్షలుగానే ఉండి, వాయిదా 7,900 దగ్గర ఆగుతుంది. 3 శాతం రాయితీ దొరికినవారికి ఇదే లెక్కలో 45,000 తగ్గుతుంది. ఇంట్లో వీలున్నంత మేరకైనా వడ్డీ కట్టడమే మంచిదని మా సలహా. అయితే అందుకోసం బయట అప్పు తెచ్చి నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టేటట్లయితే ఆ పని చేయవద్దు, అది ఏడాదికి 24 శాతం.

ఉద్యోగం వచ్చాక కట్టే వడ్డీ మీద 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80ఈ సెక్షన్‌గా ఉన్న నిబంధన కింద, కట్టడం మొదలైనప్పటి నుంచి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది. అసలుకు వర్తించదు, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే దొరుకుతుంది.

వేరే చోట మంచి సీటు వచ్చింది. కట్టిన ఫీజు వెనక్కి వస్తుందా?

2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ దీనికి ఆధారం. ప్రవేశాలకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకుముందు సీటు వదులుకుంటే పూర్తి ఫీజు ఇవ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలు మించకుండా పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజులలోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల వరకు 80 శాతం, 30 రోజుల వరకు 50 శాతం. ఆ తరువాత ఏమీ రాదు. కొన్ని విద్యా సంవత్సరాలకు యూజీసీ ఇంతకంటే ఉదారమైన ప్రత్యేక ఉత్తర్వులు ఇచ్చింది, కనుక ఆ ఏటి ఉత్తర్వు కూడా చూడండి. కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటు రద్దుకు కన్వీనర్ పెట్టిన గడువు, నియమాలు విడిగా ఉంటాయి.

ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, వాటిని తమ దగ్గర ఉంచుకోకూడదని అదే నోటిఫికేషన్ స్పష్టంగా చెబుతోంది. అయినా టీసీ, డిగ్రీ మెమోలు పట్టుకుని "మొత్తం ఫీజు కడితేనే ఇస్తాం" అనే కళాశాలలు ఉన్నాయి. అలాంటప్పుడు సీటు రద్దు దరఖాస్తును ఈమెయిల్‌లో కూడా పంపండి. నోటిఫికేషన్‌లోని గడువులు మీరు దరఖాస్తు ఇచ్చిన తేదీతో లెక్కిస్తారు కనుక, కౌంటర్‌లో తీసుకోలేదన్న వాదన అప్పుడు నిలవదు. సంస్థలోని ఫిర్యాదుల పరిష్కార కమిటీకి, అక్కడ స్పందన లేకపోతే విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌కు ఆ ఈమెయిల్ నకలు జతచేసి రాయండి.

విదేశంలో పీజీకి రాష్ట్ర ప్రభుత్వం సాయం చేస్తుందా?

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట ఇలాంటి పథకాలే ఉన్నాయి. గరిష్ఠంగా 20 లక్షల రూపాయలు రెండు విడతల్లో ఇస్తారు, కుటుంబ ఆదాయం 5 లక్షలలోపు ఉండాలి. మొదటి విడత కూడా మీరు అక్కడికి చేరి నమోదు చేసుకున్న తరువాతే వస్తుంది. అంటే వీసా ఇంటర్వ్యూకు చూపవలసిన నిధులు, మొదటి సెమిస్టర్ ఫీజు, విమానం టికెట్ మీరే సమకూర్చుకోవాలి. ఎంపిక జాబితా రాకముందే పొలం అమ్మి బయలుదేరి, తరువాత జాబితాలో పేరు లేదని తెలుసుకున్న కుటుంబాలు ఉన్నాయి కనుక, దరఖాస్తు తేదీలను, అడ్మిషన్ తేదీలను పక్కపక్కన పెట్టి చూసుకుని, అవసరమైతే అడ్మిషన్‌ను తరువాతి ఇన్‌టేక్‌కు వాయిదా వేయమని ఆ విశ్వవిద్యాలయాన్ని కోరండి. చాలా విశ్వవిద్యాలయాలు దీనికి ఒప్పుకుంటాయి.